బెల్లం పథ్యం

భారత ప్రమాణాల సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,
మానక్ భవన్, బహదూర్ షా జఫర్ మార్గ్, న్యూఢిల్లీ.



నాది తెనాలి. ఉండేది నోయిడాలో. తూర్పు ఢిల్లీలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. ఈ ఉత్తరం మా పిల్లి తిండి గురించి. పిల్లికి కూడా మానక్ భవన్ దాకా ఉత్తరమా అనిపిస్తే ఒక పది నిమిషాలు ఓపిక పట్టమని మనవి. ఇందులో కొన్ని కూడికలు, తీసివేతలు, ఓ భాగహారం తప్ప కష్టమైనదేదీ లేదు.

ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పోస్టు చేశాను. మళ్లీ తెలుగులో ఎందుకంటే, మేం కొనే పౌచ్‌లే హైదరాబాదులోనూ విజయవాడలోనూ విశాఖలోనూ అమ్ముతున్నారు. అక్కడ వంటింటి గట్టు దగ్గర నిలబడి, కళ్లజోడు సర్దుకుని, పౌచ్ వెనక్కి తిప్పి చూసి, ఏమీ బోధపడక పెట్టేసేవాళ్లు కూడా ఇది చదవాలని.

పిల్లి పేరు బెల్లం. 2012 చలికాలంలో మా అపార్టుమెంటు జనరేటర్ గది వెనక వణుకుతూ దొరికాడు. అచ్చం పాత బెల్లం దిమ్మ రంగు. అది చూసి మా అమ్మాయి పెట్టిన పేరు. ఇక్కడివాళ్లకు ఆ పేరు నోరు తిరగదు. మా వాచ్‌మన్ మొదటి రోజు నుంచీ ‘బలమ్’ అనే పిలుస్తాడు. హిందీలో ఆ మాటకు ప్రియుడని అర్థం. నేనూ దిద్దలేదు, పలికేవాడూ పలుకుతున్నాడు. బెల్లమని పేరు పెట్టుకున్నవాడికే పదేళ్లకు షుగర్ వచ్చింది.

2022 మే నెలలో వాడు నీళ్ల గిన్నె దగ్గర నుంచి కదలడం మానేశాడు. బయట 45 డిగ్రీల ఎండ, దాహం కాక ఇంకేముంటుందనుకున్నాం. ఇసుక తొట్టెలో తడి ముద్దలు రెట్టింపయ్యాయి. తిండి తగ్గలేదు కానీ నిమిరితే వెన్నుపూస చేతికి తగలసాగింది. షుగర్ లేని గడప లేని వంశం మాది, అయినా గుర్తుపట్టడానికి మూడు వారాలు పట్టింది. రక్తంలో చక్కెర 418.

డాక్టరు గారు గ్లార్జిన్ ఇన్సులిన్ రాశారు, మనుషులు వాడేదే. మందుల దుకాణంలో ఓ గండం గడిచింది. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులినూ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. దేని సిరంజి దానిదే. గ్లార్జిన్ 100 యూనిట్లది. కుర్రాడు చేతిలో పెట్టింది ఎర్ర మూత సిరంజి, అంటే 40ది. దాంతో ఒక గీత మందు తీస్తే రెండున్నర గీతల మందు ఒంట్లోకి పోతుంది. పిల్లికి మొదట్లో వేసేదే ఒక యూనిట్. ఆ తేడాకి వాడి ప్రాణం పోయుండేది. సిరంజి మీద అంకె రాసి ఉంది కాబట్టి ఇంటికొచ్చాక చూసుకుని మార్చుకొచ్చాం. అంకె రాసి ఉండటం ఎంత అవసరమో నాకు తెలిసొచ్చింది ఆ పూటే.

పిల్లి పుట్టుకతో మాంసాహారి. పిండిని విరగ్గొట్టే ఎమైలేజ్ దాని లాలాజలంలో ఉండదు. పిండి పదార్థం ఒక్కసారిగా వచ్చిపడితే సర్దుకోవడానికి మన కాలేయంలో ఉండే గ్లూకోకైనేజ్ దాని కాలేయంలో దాదాపు పనిచేయదు. అందుకే షుగరున్న పిల్లికి మొత్తం కేలరీల్లో పిండి పదార్థం నుంచి వచ్చేవి ఇంచుమించు 12 శాతం దాటకుండా చూడమంటారు పశువైద్యులు. మేం పదేళ్లపాటు పెట్టినవి ప్యాకెట్లలో వచ్చే గట్టి గింజలు. పిండి లేకపోతే ఆ గింజ గింజగా నిలబడదు. అవి మాన్పించి తడి తిండికి మార్చాం. పొద్దున ఏడింటికి ఒక సూది, రాత్రి ఏడింటికి ఒకటి. ఊరెళ్లడాలు బంద్. చెవి అంచున గుచ్చి చుక్క రక్తం తీయడం మా ఆయన నేర్చుకున్నారు. ఆయనకు తన వేలు గుచ్చుకోవాలంటేనే భయం.

అక్టోబరు నాటికి సూది అక్కర్లేకపోయింది. ఇన్సులిన్ లేకుండా నాలుగు వారాలు చక్కెర మామూలుగా నిలిస్తే దాన్ని రెమిషన్ అంటారు. పిల్లుల్లో ఇది అరుదేమీ కాదు, తొందరగా పట్టుకుని తిండి మార్చిన వాటిలో మరీనూ. కానీ రోగం పోయిందనడానికి లేదు, ఊరుకుందంతే. గిన్నెలో పిండి పెరిగితే మళ్లీ లేస్తుంది.

ఏడాదిన్నర బాగానే గడిచింది. 2024 ఫిబ్రవరిలో మామూలు పరీక్షకు తీసుకెళితే రక్తంలో క్రియాటినిన్ 2.3, భాస్వరం 5.1. అంటే కిడ్నీ జబ్బు. కిడ్నీ జబ్బున్న పిల్లులకూ కుక్కలకూ దశలు నిర్ణయించే అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటుంది, ఐరిస్ అంటారు. వాళ్ల లెక్కలో క్రియాటినిన్ 1.6 నుంచి 2.8 దాకా రెండో దశ. ఆ దశలో రక్తంలో భాస్వరం 4.6 లోపు ఉంచాలి. క్రియాటినిన్ పెరిగినట్టు కనిపించేసరికే కిడ్నీ సామర్థ్యంలో సుమారు మూడు వంతులు పోయి ఉంటుంది. మిగిలిన పావు వంతును ఎన్నాళ్లు కాపాడుకుంటామన్నదే ఇక ప్రశ్న.

ఇక్కడే మేం అడకత్తెరలో పోకచెక్కలమయ్యాం. షుగర్‌కి మాంసం ఎక్కువ, పిండి తక్కువ ఉండాలి. మాంసం పెరిగితే భాస్వరం పెరుగుతుంది. కిడ్నీకి భాస్వరం తగ్గాలి. అందుకోసం ప్రత్యేకంగా చేసే తిండిలో మాంసకృత్తులు తగ్గించి, ఆ ఖాళీని కొవ్వుతోనూ పిండితోనూ నింపుతారు. ఒక జబ్బు పథ్యం ఇంకో జబ్బుకి అపథ్యం. ఇద్దరు డాక్టర్లకు చూపించాం. ఒకరు వెంటనే కిడ్నీ పిల్లుల కోసం చేసే గింజలకు మారమన్నారు. ఇంకొకరు, ఆవిడ వయసులో పెద్దావిడ, చాలాసేపు కాగితాలు చూసి ఇలా అన్నారు: “షుగర్ తిరిగొస్తే మన దగ్గర ఇన్సులిన్ ఉంది. పోయిన కిడ్నీకి అలాంటిదేం లేదు. కాబట్టి భాస్వరం ముందు చూడండి. అలాగని షుగర్‌ని చేతులారా లేపకండి. మాంసకృత్తులు మరీ కోసేయకండి, ముసలి పిల్లికి కండ పోతే నిలబడలేదు. తడి తిండే పెట్టండి, నీళ్లు దాంతోనే లోపలికి వెళతాయి. పిండి తక్కువ, భాస్వరం తక్కువ ఉన్న పౌచ్‌లు వెతకండి.”

వెతకండి అనేశారు. డైరెక్టర్ జనరల్ గారూ, ఆ మాట దగ్గరే మీకు ఉత్తరం రాయాల్సి వచ్చింది.

మార్కెట్లో దొరికే చాలా పౌచ్‌ల వెనక నాలుగు అంకెలుంటాయి. మాంసకృత్తులు కనీసం ఇంత, కొవ్వు కనీసం ఇంత, పీచు గరిష్ఠంగా ఇంత, తేమ గరిష్ఠంగా ఇంత. పిండి పదార్థం ఉండదు. భాస్వరం చాలావాటి మీద ఉండదు. పిండి పదార్థం రాయకపోయినా రాబట్టవచ్చు, తీసివేత లెక్క. నూటిలోంచి మిగతావన్నీ తీసేస్తే మిగిలేది పిండే. ఒక గ్రాము మాంసకృత్తికి మూడున్నర కేలరీలు, కొవ్వుకి ఎనిమిదిన్నర, పిండికి మూడున్నర చొప్పున వేసుకుంటే కేలరీల్లో వాటా తెలుస్తుంది. పశువైద్య పోషకాహార నిపుణులు వాడే లెక్క ఇదే. ఆరో తరగతి పిల్లలు చేసేస్తారు.

ఒక మామూలు గింజల ప్యాకెట్టు తీసుకుందాం. మాంసకృత్తులు 30, కొవ్వు 10, పీచు 4, తేమ 10. ఇంకోటి కావాలి, బూడిద. తిండిని పూర్తిగా కాల్చేస్తే చివరికి మిగిలే ఖనిజ లవణాలకు ప్రయోగశాల వాళ్లు పెట్టుకున్న పేరు. దాన్ని 8 అనుకుందాం. అన్నీ కలిపితే 62, మిగిలిన 38 పిండి. కేలరీల్లోకి మారిస్తే మాంసకృత్తులవి 105, కొవ్వువి 85, పిండివి 133. మొత్తం 323లో 133 అంటే 41 శాతం. బెల్లానికి 12 దాటకూడదు. బూడిద విషయంలో నా ఊహ ఒకటి రెండు అటూ ఇటూ అయినా ఈ ప్యాకెట్టు పనికిరాదని తేలిపోతుంది. ఇంతవరకూ పేచీ లేదు.

పేచీ పౌచ్ దగ్గర. మాంసకృత్తులు 8, కొవ్వు 3, పీచు 1, తేమ 85. కలిపితే 97. ఇక మిగిలింది మూడే. ఆ మూడింటిలో బూడిద ఎంత, పిండి ఎంత? బూడిద 2 అయితే పిండి 1. కేలరీల్లో వాటా 6 శాతం, బెల్లానికి అమృతం. బూడిద 1 అయితే పిండి 2. వాటా దాదాపు 12 శాతం, ప్రమాదం అంచున. ఒక్క అంకె మారితే జవాబు రెట్టింపవుతోంది. ఆ అంకేమో పౌచ్ మీద లేదు. పైగా ఉన్న నాలుగు అంకెలూ ‘కనీసం’, ‘గరిష్ఠం’ అనే మాటల వెనక దాక్కుంటాయి. నా విద్యార్థి ఎవరైనా ఇన్ని తెలియనివి పెట్టుకుని ఒకే సమీకరణంతో జవాబు రాస్తే సున్నా వేస్తాను. నేను మాత్రం రెండేళ్లుగా రోజూ అదే పని చేసి, ఆ జవాబుని గిన్నెలో పోసి పెడుతున్నాను.

భాస్వరం సంగతి ఇంతకన్నా చిక్కు. కొన్ని కంపెనీలు రాస్తాయి, కానీ ఎలా? శాతాల్లో. ఒక పౌచ్ మీద 0.2 శాతం అని, ఒక గింజల ప్యాకెట్టు మీద 0.9 శాతం అని ఉందనుకోండి. ఎవరైనా పౌచ్ మేలంటారు. నేనూ అన్నాను. మూడు నెలలు. తర్వాత ఓ ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దుతుంటే తట్టింది, పౌచ్‌లో ముప్పావు భాగానికి పైగా నీళ్లేగా అని. బెల్లం శాతాలు తినడు, కేలరీలు తింటాడు. పైన చెప్పిన పౌచ్‌లో నూరు గ్రాములకు 57 కేలరీలు. 0.2 గ్రాముల భాస్వరాన్ని 57తో భాగించి 1000తో గుణిస్తే మూడున్నర గ్రాములు. గింజల్లో అదే లెక్క చేస్తే 2.8 గ్రాములు. తక్కువ అనుకున్నదే ఎక్కువైంది! కిడ్నీ పిల్లుల కోసం ప్రత్యేకంగా చేసే తిండిలో ఇది 1000 కేలరీలకు ఒక గ్రాముకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆ మూడు నెలల్లో బెల్లం రక్తంలో భాస్వరం 5.1 నుంచి 5.6కి పెరిగింది. అది నా తప్పే, లెక్కల టీచర్ని అయ్యుండి.

ఇందులోనూ రెండు రకాలున్నాయి. మాంసంలో సహజంగా ఉండే భాస్వరం కన్నా, రుచికీ గ్రేవీ చిక్కదనానికీ కలిపే ఫాస్ఫేట్ లవణాల్లోని భాస్వరం సులువుగా రక్తంలోకి చేరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లుల కిడ్నీలనే అది ఎక్కువైతే దెబ్బతీస్తుందని గత కొన్నేళ్ల పరిశోధనలు చూపించాయి. పదార్థాల జాబితాలో ‘ఖనిజాలు’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే ఏది ఎంత ఉందో నాకెలా తెలుస్తుంది?

ఈ తంటా అంతా ఎందుకు, ఇంట్లో వండి పెట్టొచ్చుగా అంటారు. మా అమ్మ అన్నది కూడా అదే. ఏటా చలి తగ్గాక తెనాలి నుంచి వచ్చి రెండు నెలలు ఉంటుంది. వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్లు తెస్తుంది. బెల్లానికి ఆ సంచీ వాసన రైలు దిగకముందే తెలుస్తుందని మా అమ్మాయి వేళాకోళం. నెత్తళ్లంటే ముల్లుతో సహా తినే చేప, పైగా ఎండబెట్టింది. భాస్వరం మూట. ఉప్పు సరేసరి. పెరుగన్నం పెడదామంటే అన్నం షుగర్‌కి, పెరుగు భాస్వరానికి. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. అవి పిల్లి రక్తకణాలనే విరిచేస్తాయి. “మరి ఏం తింటాడే వీడు, గాలా?” అంది అమ్మ.

వట్టి చికెన్ ఉడికించి పెట్టడం కూడా చూశాం. ఎముక లేని రొమ్ము మాంసంలో 1000 కేలరీలకు భాస్వరం 1.4 గ్రాముల దగ్గర ఉంటుంది, ఫర్వాలేదు. కానీ అదొక్కటే పెడితే కాల్షియం ఉండదు, విటమిన్లు చాలవు, ఉడికించిన నీళ్లు పారబోస్తే టారిన్ అనే పోషకం వాటితో పోతుంది. ఇంటి వంట చేయాలంటే పశువుల పోషకాహారం చదివినవాళ్ల చేత కొలతలు రాయించుకోవాలి, కళ్లతో చూసి వేసే పని కాదు. మాకు పనికొచ్చింది ఒక్కటే, గుడ్డులో తెల్లసొన. ఒక తెల్లసొనలో భాస్వరం 5 మిల్లీగ్రాములు. పక్కనే ఉన్న పచ్చసొనలో 65 దాకా. ఉడికించిన తెల్లసొన సగం, పౌచ్‌లో చిదిపి కలిపితే మాంసకృత్తులు పెరుగుతాయి, భాస్వరం కదలదు. పచ్చసొన మా ఆయనకి.

టారిన్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఒకప్పుడు కంపెనీల తిండి మాత్రమే తినే పిల్లులు కూడా గుండె కండరం వదులైపోయి చచ్చిపోయేవి, కారణం తెలిసేది కాదు. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పశువైద్యులు దానికి మూలం టారిన్ లోపమని పట్టుకున్నారు. తిండిలో టారిన్ మోతాదు పెంచారు. ఆ రకం గుండె జబ్బు పిల్లుల్లో దాదాపు కనిపించకుండా పోయింది. కొత్త మందు కనిపెట్టి కాదు, తిండిలో ఒక్క కొలత దిద్ది.

మళ్లీ మా అమ్మ దగ్గరికి. ఆవిడకు ముప్పయ్యేళ్లుగా షుగర్. భూతద్దం లేకుండా ఏ ప్యాకెట్టూ విప్పదు. మొన్న మార్చిలో ఒక చేత్తో రెడీమేడ్ ఉప్మా ప్యాకెట్టు, ఇంకో చేత్తో బెల్లం పౌచ్ పట్టుకుని గట్టు దగ్గర చాలాసేపు నిలబడింది. “అమ్మాయ్, నా ఉప్మాలో పిండి ఎంతుందో, విడిగా కలిపిన చక్కెర ఎంతో, అన్నీ రాశారు. వాడికీ షుగరేగా, వాడి పొట్లం మీద రాయలేదేం? వాడికి చదువు రాదనా?” అని అడిగింది.

నవ్వాం కానీ జవాబు చట్టంలో ఉంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో ఆహారమంటే మనిషి తినేదే. పశువుల మేతను దాని నిర్వచనంలోంచి తప్పించారు. అందుకని మీ భవనం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, కోట్లా రోడ్డులో ఉన్న ఆహార భద్రత సంస్థను నేను అడగలేను. అయిదు రూపాయల బిస్కెట్ పొట్లం కూడా నూరు గ్రాములకు కేలరీలెన్ని, పిండి ఎంత అని చెప్పి తీరాలి. వారానికోసారి చెవి గుచ్చుకునే బెల్లం పౌచ్ మాత్రం చెప్పక్కర్లేదు. బరువు, ధర, తయారీదారు చిరునామా తూనికలు కొలతల నిబంధనల కింద రాస్తున్నారు, సంతోషం.

అలాగని సర్కారు దృష్టిలో బెల్లం లేడనడానికి వీల్లేదు. 2017లో జీఎస్టీ వచ్చిన రోజే వాడి తిండి మీద 18 శాతం పన్ను పడింది. 2023 జనవరి 31 లోగా కుక్కల్నీ పిల్లుల్నీ నమోదు చేయించకపోతే జరిమానా అని నోయిడా అథారిటీ చెబితే క్యూలో ముందు నిలబడ్డవాళ్లం మేమే. ఇక మీ సంస్థ సంగతి. 2021 జనవరి 1 నుంచి ఈ దేశంలో పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. అంటే నేను ప్లాస్టిక్ పిల్లి కొంటే దాని మీద మీ ముద్ర ఉండాలి. ఇంట్లో ప్రాణమున్న పిల్లి తినే దాని మీద రెండు అంకెలు ఉండమని అడగటం మరీ దురాశ కాదనుకుంటాను.

కుక్కలు, పిల్లుల తిండికి మీరు ఐఎస్ 11968 అనే ప్రమాణం తయారు చేశారు. మీ ప్రమాణాలు మామూలుగా ఐచ్ఛికమనీ, ప్రభుత్వం నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇస్తేనే తప్పనిసరి అవుతాయనీ నాకు తెలుసు. కాబట్టి మొత్తం కొండ ఎత్తమనడం లేదు. ఆ ప్రమాణాన్ని ఈసారి సవరించేటప్పుడు, ప్యాకెట్టు మీద ఏం రాయాలో చెప్పే భాగంలో రెండు వరుసలు చేర్చండి. బూడిద ఎంత, భాస్వరం ఎంత. రెండూ 1000 కేలరీలకు లెక్కగట్టి రాస్తే మరీ మంచిది. లేదంటే శాతమే రాయనివ్వండి, పక్కన నూరు గ్రాములకు కేలరీలెన్నో రాయించండి. మిగతా భాగహారం మేం చేసుకుంటాం. కలిపిన ఫాస్ఫేట్ లవణాలను పేరుతో రాయిస్తే మా ముసలి పిల్లులన్నీ మీకు రుణపడతాయి.

కంపెనీలు ఏమంటాయో ఊహించగలను. ఒక కంపెనీకి భాస్వరం ఎంతని రాస్తే, మా ఆహారం సంపూర్ణం, సమతులం అని జవాబొచ్చింది. నేనడిగింది ప్రశంస కాదు, అంకె. ఇంకో కంపెనీ మాత్రం రెండు రోజుల్లో పట్టిక మొత్తం పంపించింది. అంటే అంకెలు వాళ్ల దగ్గర ఉన్నాయి, అచ్చు వేయడమే తక్కువ. యూరప్‌లో అమ్మే పిల్లి తిండి ప్యాకెట్ల మీద బూడిద శాతం రాయాల్సిందేనని అక్కడి 2009 నాటి నిబంధన. అమెరికాలోనూ, మనుషుల తిండి ప్యాకెట్ల మీది పట్టికను పోలిన పట్టికను పిల్లి తిండికీ తెచ్చేలా 2023లో కొత్త నమూనాకు ఆమోదం తెలిపారు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ కాకపోదు.

షుగరూ కిడ్నీ రెండూ ఉన్న పిల్లులు దేశంలో ఎన్నుంటాయి, వాటి కోసం అచ్చు మార్చాలా అనే మాట కూడా వస్తుంది. ఈ రెండూ ముసలితనపు జబ్బులు. ఇళ్లలో పిల్లులు ఇప్పుడు పదిహేనేళ్లు బతుకుతున్నాయి. పదేళ్లు దాటిన పిల్లుల్లో కిడ్నీ జబ్బు సర్వసాధారణం. ఈ పదేళ్లలో ఢిల్లీలో, హైదరాబాదులో ఫ్లాటుకో పిల్లి పిల్ల చేరింది కదా. అవన్నీ త్వరలోనే బెల్లం వయసుకు వస్తాయి.

ఇప్పుడు మా ఇంట్లో జరుగుతున్నది చెప్పి ముగిస్తాను. పట్టిక పంపిన కంపెనీ పౌచ్‌లు రోజుకు మూడు, కిడ్నీ పిల్లుల తడి తిండి ఒకటి, తిండిలోని భాస్వరాన్ని పట్టేసేందుకు డాక్టరు రాసిన పొడి చిటికెడు, సగం తెల్లసొన. మార్పు ఒక్కరోజులో చేయలేదు, నెల పట్టింది. పిల్లి అలిగి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి సరైన తిండి తినకపోవడం కన్నా సరికాని తిండి తినడం నయం. మేలో పౌచ్ విప్పితే గంటలో పాడవుతుంది. కరెంటు పోతే ఫ్రిజ్‌లోదీ నమ్మలేం. అందుకే నాలుగు సార్లుగా, చిన్న చిన్న ముద్దలుగా పెడతాం. దీపావళి వారం టపాసులకు బెదిరి మంచం కింద దూరతాడు. ఆ రోజుల్లో ఆసుపత్రికి తీసుకెళితే భయానికే చక్కెర 300 చూపిస్తుంది. నిరుడు అలాగే చూపించింది. మళ్లీ సూది మొదలనుకుని ఇంటికొచ్చాం. రాత్రి వాడు సోఫా మీద నిద్రమత్తులో ఉండగా మా ఆయన చెవి గుచ్చితే 112.

మొన్నటి పరీక్షలో క్రియాటినిన్ 2.4, భాస్వరం 4.4. ఇన్సులిన్ లేదు. వాడికి పదమూడేళ్లు నిండాయి. ఇప్పుడు ఈ కాగితం మీదే పడుకున్నాడు. కింద సంతకం పెట్టడానికి తోక కాస్త జరపాల్సి వస్తోంది.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
నోయిడా.

తా.క.: మా అమ్మ ఇంకో మాట రాయమంటోంది. ఆ రెండు అంకెలూ వేయించేటప్పుడు, భూతద్దం అక్కర్లేని సైజులో వేయించండి.